గుండెపోటు తర్వాత తొలి సీబీసీ: ఎన్‌ఎల్‌ఆర్, ఆర్‌డీడబ్ల్యూ అంకెలను ఎంతవరకు నమ్మాలి?

రాత్రిడ్యూటీ

అందరికీ నమస్కారం. జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. గుండెపోటుతో చేరినవారి తొలి సీబీసీలో (రక్తకణాల లెక్క పరీక్షలో) కనిపించే అంకెలకూ, డిశ్చార్జి అయ్యేలోపు వారికి ఎదురయ్యే పరిణామాలకూ ఉన్న సంబంధాన్ని థీసిస్ అంశంగా ఎంచుకున్నాను. పరిణామాలంటే మరణం, కార్డియోజెనిక్ షాక్ (గుండె రక్తం పంపలేక బీపీ పడిపోవడం), గుండె వైఫల్యం, ప్రాణాంతకంగా లయ తప్పడం, మళ్లీ గుండెపోటు రావడం, పెద్ద రక్తస్రావం.

చూడదలచిన కొలతలు: మొత్తం తెల్లకణాలు, తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌ను మరో రకమైన లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే ఎన్‌ఎల్‌ఆర్, ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే పీఎల్‌ఆర్, ఎర్రకణాల పరిమాణాల్లో తేడాను తెలిపే ఆర్‌డీడబ్ల్యూ, ప్లేట్‌లెట్ సగటు పరిమాణమైన ఎంపీవీ, హిమోగ్లోబిన్.

ఈ పరీక్ష ఎలాగూ ప్రతి రోగికీ చేస్తాం. అదనంగా ఒక చుక్క రక్తం కూడా తీయనక్కర్లేదు. అందుకే ఈ అంశం నచ్చింది. కానీ చదివేకొద్దీ ఒక చిక్కు ఎదురవుతోంది. ఒక వ్యాసం ఎన్‌ఎల్‌ఆర్ 4 దాటితే ప్రమాదమంటుంది, మరొకటి 6 అంటుంది. రెండూ నిజమే అయితే మంచం పక్కన నిలబడిన డాక్టర్ ఏ గీతను పట్టుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

హృదయలయ

మంచి ప్రశ్న. గీత సంగతి తర్వాత చూద్దాం, ముందు చరిత్ర తెలిస్తే మీ అంశం ఎక్కడ నిలుస్తుందో అర్థమవుతుంది.

తెల్లకణాలకూ గుండెపోటుకూ సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. తెల్లకణాల సంఖ్య ఎక్కువగా ఉన్నవారికి తర్వాతి కాలంలో గుండెపోటు వచ్చే అవకాశం ఎక్కువని ఫ్రీడ్‌మన్ బృందం 1974లోనే చూపింది. 2000లో బారన్ బృందం, గడ్డ కరిగించే మందును పరీక్షించిన టిమి 10 ప్రయోగాల సమాచారాన్ని తిరిగి పరిశీలించి ఇంకో మెట్టు ఎక్కింది. తెల్లకణాలు ఎక్కువున్నవారిలో గడ్డ కరిగించే మందు ఇచ్చాక కూడా రక్తనాళం సరిగా తెరుచుకోలేదు, నాళం తెరుచుకున్నా కండరానికి రక్తం సరిగా అందలేదు. మరుసటి ఏడాది బారన్, ఆయన సహ పరిశోధకులు 65 ఏళ్లు, ఆపైబడిన రోగుల భారీ సమాచారాన్ని చూస్తే, తెల్లకణాలు అత్యధికంగా ఉన్న అయిదో వంతు మందిలో 30 రోజుల మరణాలు అత్యల్పంగా ఉన్నవారి కంటే సుమారు మూడు రెట్లు.

ఎన్‌ఎల్‌ఆర్ ఆలోచన వచ్చింది గుండె జబ్బుల వైపు నుంచి కాదు. తీవ్ర అస్వస్థతలో ఉన్న ఐసీయూ రోగుల్లో శరీరం ఎంత ఒత్తిడికి లోనైందో చెప్పే సులువైన సూచికగా 2001లో జహోరెట్స్ దాన్ని ముందుకు తెచ్చారు. తర్వాత కార్డియాలజీ అందిపుచ్చుకుంది.

కాబట్టి సంబంధం ఉందా అన్నదానికి జవాబు దొరికి చాలాకాలమైంది. ఉంది. మీ థీసిస్ మళ్లీ ‘ఉంది’ అని చెప్పి ఆగిపోతే ఎవరికీ ఉపయోగం ఉండదు. ఇప్పటికే మన చేతిలో ఉన్నవాటికి ఈ అంకె ఏమైనా కలుపుతుందా అన్నదే అసలు ప్రశ్న. వయసు, నాడి, బీపీ, క్రియాటినిన్, ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్), కిల్లిప్ తరగతి (గుండె వైఫల్య లక్షణాల తీవ్రత), చేరేటప్పటికి గుండె ఆగిందా లేదా, ఇవి తెలిస్తే ప్రమాదాన్ని అంచనా వేసే గ్రేస్ స్కోరు వస్తుంది. అందులో రక్తకణాల ఊసే లేదు. అయినా ఆసుపత్రి మరణాలను అంచనా వేయడంలో దాని సి-స్టాటిస్టిక్ (అంచనా ఎంత బాగా వేరు చేస్తుందో చెప్పే కొలత; 0.5 అంటే బొమ్మా బొరుసే, 1 అంటే పరిపూర్ణం) 2003 నాటి మూల అధ్యయనంలోనే 0.83. దాని మీద మీ ఎన్‌ఎల్‌ఆర్ ఎంత కలుపుతుందో చూడండి.

మూలుగపరిశోధన

హృదయలయ గారు చెప్పినదాంతో విభేదించను, కానీ ఈ అంకెల వెనుక జరిగేది తెలియకుండా కేవలం స్కోర్ల పోటీగా చూస్తే సగం విషయం జారిపోతుంది.

గుండె కండరానికి రక్తం ఆగగానే చచ్చిపోతున్న కణాల నుంచి ప్రమాద సంకేతాలు బయటికి వస్తాయి. ఎముక మూలుగ మామూలు రోజుల్లోనే రోజుకు సుమారు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. ఈ సంకేతాలు, వాటికి తోడు అడ్రినలిన్, కలిసి నిల్వలో ఉన్నవాటినీ రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్నవాటినీ ప్రవాహంలోకి నెడతాయి. అందుకే కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. దెబ్బతిన్న కండరంలో అవి మొదటి ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా పోగవుతాయి. ఆ వెనకే మోనోసైట్లు వస్తాయి. వాటిలో చాలా భాగం ప్లీహంలో ముందే నిల్వ ఉంటాయని 2009లో ఎలుకల్లో తేలింది.

ఇక లింఫోసైట్లు. గుండెపోటు ఒత్తిడికి కార్టిసోల్ పెరుగుతుంది. కార్టిసోల్ లింఫోసైట్లను రక్తం నుంచి మూలుగకూ ఇతర కణజాలాలకూ తరలిస్తుంది, కొన్నింటిని చనిపోయేలా చేస్తుంది. అంటే ఎన్‌ఎల్‌ఆర్‌లో పై అంకె దెబ్బకు శరీరం ఇచ్చే జవాబును చెబుతుంది, కింది అంకె ఒత్తిడిని చెబుతుంది. రెండూ ఒకేసారి చెడు వైపు కదిలితే భాగహారం ఆ కదలికను పెద్దది చేసి చూపిస్తుంది. దాని బలమంతా అక్కడే ఉంది.

న్యూట్రోఫిల్స్ అమాయకమైన సాక్షులు కూడా కావు. అవి తమ డీఎన్‌ఏను వలలా బయటికి విసురుతాయి. ఆ వలలు ప్లేట్‌లెట్లను పట్టుకుని గడ్డను గట్టిపరుస్తాయి, సన్నని నాళాల్లో అడ్డుపడతాయి. స్టెంట్ వేసి పెద్ద నాళం తెరిచినా కండరానికి రక్తం అందకపోవడంలో వీటికీ పాత్ర ఉంది.

ల్యాబ్‌బెంచి

నేను హెమటాలజీ ల్యాబులో పనిచేస్తాను. పెద్దలు శరీరం గురించి చెప్పారు, నేను రక్తం పట్టే గొట్టం గురించి చెబుతాను. థీసిస్‌లు ఎక్కువగా అక్కడే పాడవుతున్నాయని నా అభిప్రాయం.

మొదటిది, సమయం. ‘తొలి సీబీసీ’ అంటున్నారు. ఛాతీ నొప్పి మొదలైన గంటకే వచ్చిన మనిషి తొలి శాంపిలూ, పన్నెండు గంటలు ఇంట్లో భరించి వచ్చిన మనిషి తొలి శాంపిలూ ఒకటి కావు. గంటకే వచ్చినవారిలో న్యూట్రోఫిల్స్ ఇంకా పెరిగి ఉండవు. ఆలస్యంగా వచ్చినవారిలో ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువుంటుంది, వారికే మరణ ప్రమాదమూ ఎక్కువ. అప్పుడు మీరు కొలిచింది ఎన్‌ఎల్‌ఆర్‌నా, ఆలస్యాన్నా? నొప్పి మొదలైన సమయం, రక్తం తీసిన సమయం, యంత్రంలో పెట్టిన సమయం, ఈ మూడూ రాసుకోండి.

రెండోది, ఎంపీవీ. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల ప్లేట్‌లెట్లు క్రమంగా ఉబ్బుతాయి. మొదటి గంటా రెండు గంటల్లోనే ఆ మార్పు ఎక్కువ. రాత్రి తీసిన శాంపిల్‌ను పొద్దున పరీక్షిస్తే ఎంపీవీ పెరిగి కనిపిస్తుంది. ఆ పెరుగుదలకు రోగి గుండెతో సంబంధం లేదు. పైగా ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది. శాంపిల్ సమయం కచ్చితంగా పాటించలేకపోతే ఎంపీవీని మీ జాబితా నుంచి తీసేయమనే చెబుతాను.

మూడోది, ప్లేట్‌లెట్లు తక్కువగా వస్తే కంగారుపడేముందు స్లైడు చూడమనండి. కొందరి రక్తంలో ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, యంత్రం వాటిని లెక్కపెట్టలేదు. సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీస్తే సాధారణంగా అసలు సంఖ్య బయటపడుతుంది. గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, హెపారిన్ నడుస్తున్న రోగికి ఈ తప్పుడు అంకెను నమ్మి మందులు ఆపేస్తే కొత్తగా వేసిన స్టెంట్ మూసుకుపోవచ్చు. అందుకే ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగా మాట్లాడతాను.

రాత్రిడ్యూటీ

ల్యాబ్‌బెంచి గారూ, నొప్పి మొదలైన సమయం నా పట్టికలో ఉంది కానీ శాంపిల్ యంత్రంలో పెట్టిన సమయం లేదు. చేరుస్తాను. ఒక సందేహం: వేరే ఆసుపత్రిలో ప్రథమ చికిత్స అయ్యాక మా దగ్గరికి వచ్చేవారు చాలామంది. వారి తొలి శాంపిల్ ఏది?

ల్యాబ్‌బెంచి

అక్కడ తీసిన రిపోర్టు దొరికితే అదీ, మీ దగ్గర తీసినదీ వేర్వేరుగా రాయండి. మధ్యలో ఏమేం ఇచ్చారో కూడా. సెలైన్ ఎక్కిస్తే హిమోగ్లోబిన్ పలచబడి తగ్గినట్టు కనిపిస్తుంది. యాంజియోగ్రామ్‌లో వాడే కాంట్రాస్ట్ మందుకు అలర్జీ ఉంటుందేమోనని హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. ఆ సూది ఒక్కటే ఎన్‌ఎల్‌ఆర్‌ను మార్చేస్తుంది.

సంభావ్యత

గణాంక శాస్త్రం నా వృత్తి, వైద్యం కాదు. అడిగిన ప్రశ్నలో గీత గురించి ఉంది కాబట్టి అది చెబుతాను.

4, 6 లాంటి గీతలు ప్రకృతిలో లేవు. ప్రతి బృందమూ తన రోగుల సమాచారంలో ఏ గీత దగ్గర బతికినవారూ చనిపోయినవారూ బాగా విడిపోయారో వెతికి దాన్ని ప్రకటిస్తుంది. వేరే రోగుల మీద అదే గీత పెడితే అంత బాగా పనిచేయదు, ఎందుకంటే దాన్ని ఎంచుకున్నదే మొదటి సమాచారానికి సరిపోయేలా. ఎన్‌ఎల్‌ఆర్ 5.9 ఉన్న మనిషి క్షేమం, 6.1 ఉన్న మనిషి ప్రమాదం అని ఏ శరీరమూ అనుకోదు. కాబట్టి గీత గీయకండి. అంకెను అంకెగానే, అవసరమైతే లాగరిథమ్ తీసుకుని, ప్రమాదాన్ని అంచనా వేసే గణాంక మోడల్‌లో పెట్టండి.

నిష్పత్తికి ఇంకో ప్రమాదం ఉంది. 6000కు 2000, 12000కు 4000, 1500కు 500. మూడింటికీ ఎన్‌ఎల్‌ఆర్ 3. మొదటిది మామూలు మనిషి, రెండోది పొగతాగేవారిలోనో తీవ్ర ఒత్తిడిలోనో కనిపించవచ్చు, మూడోది మూలుగ దెబ్బతిన్న రోగి కావచ్చు. భాగించగానే ఈ తేడా మాయమవుతుంది. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు విడివిడిగా కూడా మోడల్‌లో పెట్టి, నిష్పత్తి వాటికంటే ఎక్కువ చెబుతోందో లేదో పోల్చండి. చాలా వ్యాసాలు ఈ చిన్న పని చేయవు.

ఇక సంఖ్య. మీరు 300 మందిని చేర్చుకున్నారనుకుందాం. ఆసుపత్రిలో 6 శాతం మరణిస్తే 18 మరణాలు. 18 మరణాలతో ఆరు రక్తకణ కొలతలు, వాటికి తోడు వయసు, బీపీ, క్రియాటినిన్, కిల్లిప్ అన్నీ ఒకే మోడల్‌లో పెడితే వచ్చే ఫలితం గాలివాటం. ఒక్కో చలరాశికి కనీసం పది సంఘటనలు ఉండాలన్న పాత సూత్రం పూర్తిగా సరైనది కాకపోయినా హెచ్చరికగా పనికొస్తుంది. మీకు రెండే దారులు: ఎక్కువ మందిని చేర్చుకోవడం, లేదా ముందే ఒకటి రెండు కొలతలు ఎంచుకుని వాటికే కట్టుబడటం. అన్నీ పరీక్షించి, బాగున్నవాటిని రాసి, మిగతావి వదిలేయడం మాత్రం చేయకండి.

ఎదురుచూపు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను డాక్టర్‌ను కాను. మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు, ఇంకా సీసీయూలోనే (గుండె రోగుల ఐసీయూ) ఉన్నారు. వయసు 68. రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 86, లింఫోసైట్స్ 8 అని ఉంది. ఈ చర్చ చదివి భాగిస్తే 10.75 వచ్చింది. మీరు చెప్పుకునే 4, 6 కంటే ఎంతో ఎక్కువ. రాత్రంతా నిద్ర పట్టలేదు. దీని అర్థం ఏమిటి? డాక్టర్లు మా దగ్గర దాస్తున్నారా?

హృదయలయ

మీరు మధ్యలో రావడంలో తప్పేమీ లేదండీ. ఇలాంటి ప్రశ్న కోసమే ఈ చర్చ ఉండాలి.

గుండెపోటు తర్వాత మొదటి రోజుల్లో న్యూట్రోఫిల్స్ 80 పైన, లింఫోసైట్లు 10 లోపు ఉండటం మేము చాలాసార్లు చూస్తాం. ఆ రోగుల్లో చాలామంది నడిచి ఇంటికి వెళతారు. పైన మేము మాట్లాడుకున్నది వేలమంది రోగులను కలిపి చూసినప్పుడు కనిపించే ధోరణి. ఎక్కువ ఎన్‌ఎల్‌ఆర్ ఉన్న గుంపులో మరణాలు కొంత ఎక్కువ, అంతే. ఒక వ్యక్తి ఏమవుతారో ఆ అంకె చెప్పలేదు. మీ నాన్నగారి గురించి అంతకంటే ఎక్కువ చెప్పే సంగతులు ఆయన మంచం దగ్గరే ఉన్నాయి. బీపీ మందుల సాయం లేకుండా నిలబడుతోందా, ఆయాసం ఉందా, ఆక్సిజన్ ఎంత అవసరమవుతోంది, మూత్రం సరిగా వస్తోందా, ఎకోలో గుండె పంపు చేసే శక్తి ఎంత ఉంది, లయ సరిగా ఉందా. కిల్లిప్ 1967లో 250 మంది రోగుల్ని చూసి స్టెతస్కోపుతో, చేత్తో తెలిసే లక్షణాలతోనే నాలుగు తరగతులు చేశారు. గుండె వైఫల్య లక్షణాలు లేనివారిలో మరణాలు 6 శాతం, షాక్‌లో ఉన్నవారిలో 81 శాతం. చికిత్స మారి ఆ శాతాలు ఇప్పుడు బాగా తగ్గాయి, కానీ ఆ క్రమం మారలేదు.

డాక్టర్లను ఇవి అడగండి: ‘గుండె పంపింగ్ ఎంత ఉంది? జ్వరం గానీ ఇన్‌ఫెక్షన్ గానీ ఉందా? హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చేరినప్పటికీ ఇప్పటికీ ఎలా మారాయి?’ ఎన్‌ఎల్‌ఆర్ చెప్పలేదంటే దాచినట్టు కాదు. దాన్నిబట్టి మార్చే చికిత్స లేదు కాబట్టి చాలామంది దాన్ని లెక్కించరు.

మూడోషిఫ్టు

సీసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను. ఎదురుచూపు గారూ, మీ నాన్నగారి పక్కన ఉన్నప్పుడు ఆయన కొత్తగా ఆయాసపడినా, చెమటలు పట్టినా, మాట తడబడినా, మలం నల్లగా వచ్చినా వెంటనే మాకు చెప్పండి. రిపోర్టులోని అంకె కంటే మీరు చెప్పే ఆ మాట మాకు చాలా ముందుగా అందుతుంది. మీరు కూడా కొంచెం నిద్రపోండి.

పీజీ డాక్టర్ గారికి ఒక మాట. మీరంతా తొలి సీబీసీ గురించే మాట్లాడుతున్నారు. మేము చూసేది మార్పును. మొదటి రోజు తెల్లకణాలు ఎక్కువుండి మూడో రోజుకు దిగుతుంటే ఊరట. దిగాల్సినవి మళ్లీ పెరిగితే సెలైన్ పెట్టిన చోటు చూస్తాం, మూత్ర గొట్టం చూస్తాం, ఛాతీ విన్నారా అని అడుగుతాం. ఆసుపత్రిలో గుండెపోటు రోగిని దెబ్బతీసేవాటిలో న్యుమోనియా ఒకటి. ప్లేట్‌లెట్లూ అంతే. హెపారిన్ మొదలైన అయిదు నుంచి పది రోజుల మధ్య సగానికి పైగా పడిపోతే హెపారిన్ వల్లనేమో అని వెంటనే డాక్టర్‌ను పిలుస్తాం. ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఆపే టిరోఫిబాన్ లాంటి మందు ఎక్కించిన కొన్ని గంటల్లోనే పడిపోవడమూ ఉంటుంది. ఒక్క రోజు అంకె వీటిలో దేన్నీ చూపించదు.

ఎదురుచూపు

చాలా కృతజ్ఞతలు. ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను. పొద్దున అడుగుతాను.

మూలుగపరిశోధన

మూడోషిఫ్టు గారి మాట నాకు బాగా నచ్చింది, ఎందుకంటే కణాల ఆయుష్షు కూడా అదే చెబుతుంది. న్యూట్రోఫిల్ రక్తంలో ఉండేది గంటల లెక్క. ప్లేట్‌లెట్ ఏడు నుంచి పది రోజులు. ఎర్రకణం సుమారు 120 రోజులు. అంటే ఒకే గొట్టం రక్తంలో మూడు వేర్వేరు కాలాల సమాచారం ఉంది. ఎన్‌ఎల్‌ఆర్ ఈ రోజు జరిగింది చెబుతుంది. ఆర్‌డీడబ్ల్యూ గడచిన కొన్ని నెలలు ఈ మనిషి ఎలా ఉన్నాడో చెబుతుంది: ఇనుము లోపం, బి12 లోపం, కిడ్నీ జబ్బు, దీర్ఘకాలపు ఇన్‌ఫ్లమేషన్ (శరీరంలోని వాపు). నిన్న మూసుకుపోయిన నాళం ఈ రోజు ఆర్‌డీడబ్ల్యూను పెంచలేదు.

గుండె వైఫల్య రోగుల్లో ఆర్‌డీడబ్ల్యూ మరణాలను సూచిస్తుందని ఫెల్కర్ బృందం 2007లో చూపింది. మరుసటి ఏడాది టోనెల్లీ బృందం, అంతకుముందు గుండెపోటు వచ్చిన 4,111 మందిలో అదే చూసింది. వారికి గుండె వైఫల్యం లేదు, చాలామందికి రక్తహీనతా లేదు. అయినా ఆర్‌డీడబ్ల్యూ పెరిగేకొద్దీ మరణాలు పెరిగాయి. అందుకే రాత్రిడ్యూటీ గారూ, ఒకటి రెండు కొలతలే ఎంచుకోవాల్సి వస్తే ఎన్‌ఎల్‌ఆర్, ఆర్‌డీడబ్ల్యూ తీసుకోండి. ఒకటి దెబ్బను, ఒకటి దెబ్బ తిన్న మనిషిని చెబుతాయి. పీఎల్‌ఆర్ కొత్తగా చెప్పేది తక్కువ, దానిలోనూ కింద ఉన్నది ఆ లింఫోసైట్లే.

హృదయలయ

నేనైతే హిమోగ్లోబిన్‌ను వదలను. ఈ జాబితాలో మనం ఏమైనా చేయగలిగింది అదొక్కటే. సబటీన్ బృందం 2005లో దాదాపు 40 వేల మంది రోగుల సమాచారం చూసింది. ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచిన గుండెపోటులో హిమోగ్లోబిన్ 14 నుంచి కిందికి దిగేకొద్దీ మరణాలు పెరిగాయి, 17 దాటినా పెరిగాయి. సరే, తక్కువుంటే రక్తం ఎక్కించాలా? దాని మీద పెద్ద ప్రయోగం మింట్, 2023లో వచ్చింది. 3,504 మంది. హిమోగ్లోబిన్‌ను 10కి తగ్గకుండా చూసినవారిలో 30 రోజుల్లో మరణం లేదా మళ్లీ గుండెపోటు 14.5 శాతం, 7 లేదా 8 దాకా ఆగినవారిలో 16.9 శాతం. గణాంకాల ప్రకారం ఆ తేడా ఖాయమైనది కాదు. అయినా నా రోగి గుండెపోటుతో ఉండి హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంటే నేను ఇంకా పడిపోయేదాకా ఎదురుచూడను. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా చూసుకుంటూ మెల్లగా ఎక్కిస్తాను.

రాత్రిడ్యూటీ

ఇక్కడే నా మనసులో ఉన్న రెండో ప్రశ్న అడుగుతాను. న్యూట్రోఫిల్స్ నిజంగానే హాని చేస్తుంటే, వాటిని అణచేస్తే సరిపోదా? ఎన్‌ఎల్‌ఆర్ తగ్గించడమే చికిత్స కాకూడదా?

మూలుగపరిశోధన

ఆ ఆశతోనే చాలా ఏళ్లు గడిచాయి. న్యూట్రోఫిల్స్ నాళం గోడను పట్టుకోకుండా అడ్డుకునే యాంటీబాడీని గుండెపోటు రోగులకిచ్చి చూశారు. లిమిట్-ఎఎంఐ ప్రయోగం ఫలితాలు 2001లో వచ్చాయి, ప్రయోజనం కనిపించలేదు. ఎలుకల్లో న్యూట్రోఫిల్స్‌ను పూర్తిగా తీసేస్తే గుండె ఇంకా అధ్వానంగా మానింది, 2017లో వచ్చిన పరిశోధన అది. శిథిలాలను తీసేసే కణాలు మరమ్మతు వైపు మళ్లడానికి న్యూట్రోఫిల్స్ సంకేతాలు కావాలట. కాబట్టి అవి అవసరమే, మితిమీరడమే సమస్య.

తర్వాత దారి మారింది. కాంటోస్ ప్రయోగం, 2017: పాత గుండెపోటు ఉండి, ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ ఎక్కువున్న 10,061 మందిలో, ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కానాకినుమాబ్‌ను ఉత్తుత్తి మందుతో పోల్చారు. మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాముల మోతాదుతో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. అయినా ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తే గుండెకు మేలు అని మనుషుల్లో తొలిసారి రుజువు చేసిన ప్రయోగంగా దానికి గౌరవం ఉంది.

హృదయలయ

ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే పాత మందు కొల్చిసిన్ కథ కూడా చెప్పాలి. 2019లో కోల్‌కాట్ ప్రయోగం: గుండెపోటు వచ్చిన 30 రోజుల్లోపు 4,745 మందిలో, రోజుకు అర మిల్లీగ్రామును ఉత్తుత్తి మందుతో పోల్చారు. గుండె, రక్తనాళ సంఘటనలు 7.1 శాతం నుంచి 5.5కు తగ్గాయి. అందరం ఉత్సాహపడ్డాం. 2024లో అంతకంటే పెద్ద ప్రయోగం, క్లియర్ సినర్జీ, 7,062 మందిలో: ఉత్తుత్తి మందుతో 9.3 శాతం, కొల్చిసిన్‌తో 9.1. అంటే తేడా లేదు. కాబట్టి గుండెపోటు రాగానే ఎన్‌ఎల్‌ఆర్ చూసి కొల్చిసిన్ మొదలుపెట్టమని చెప్పే ఆధారం లేదు. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవారికే ఇస్తే ఎలా ఉంటుందన్నది మంచి ప్రశ్నే, కానీ దానికి ప్రయోగమే జవాబు చెప్పాలి, పాత రికార్డులు కాదు.

ఎక్కువ తెల్లకణాలున్న రోగికి ఈ రోజు నేను చేయగలిగింది: నాళం త్వరగా తెరవడం, ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతకడం, షాక్ మొదలవుతోందేమో గంట గంటకూ చూడటం.

సంభావ్యత

రాత్రిడ్యూటీ గారూ, ఒక చిన్న సాంకేతిక విషయం. షాక్‌తో చేరినవారిలో ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువ ఉండి, వారు మరణిస్తే, ఎన్‌ఎల్‌ఆర్ మరణాన్ని ‘ముందే చెప్పింది’ అనడం సరికాదు. షాక్ అప్పటికే ఉంది, మంచం పక్కన అందరికీ కనబడుతోంది. కిల్లిప్ ఒకటి, రెండు తరగతుల్లో చేరినవారిని విడిగా విశ్లేషించండి. పైకి బాగానే కనిపించి తర్వాత క్షీణించినవారిని తొలి రక్తం పట్టుకోగలిగితే, అప్పుడు మీరు నిజంగా ఉపయోగపడే సంగతి చెప్పినట్టు. మరణాలు తక్కువుంటాయి కాబట్టి అక్కడ గుండె వైఫల్యం, షాక్, మరణం కలిపి ఒకే పరిణామంగా ముందే నిర్వచించుకోండి. నివేదికను ట్రైపాడ్ (అంచనా మోడళ్ల అధ్యయనాలను ఎలా రాయాలో చెప్పే) మార్గదర్శకాల ప్రకారం రాయండి.

రాత్రిడ్యూటీ

అయితే ప్రణాళిక ఇలా మారుస్తున్నాను. ప్రధాన ప్రశ్న: కిల్లిప్ ఒకటి, రెండు తరగతుల్లో చేరినవారిలో గ్రేస్ స్కోరుకు ఎన్‌ఎల్‌ఆర్, ఆర్‌డీడబ్ల్యూ కలిపితే అంచనా మెరుగవుతుందా. గీతలు లేవు. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు విడిగా కూడా చూస్తాను. హిమోగ్లోబిన్ ఉంటుంది. ఎంపీవీ, పీఎల్‌ఆర్ తీసేస్తున్నాను. మినహాయింపులు: చేరేటప్పటికే ఇన్‌ఫెక్షన్ ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, రక్త వ్యాధులున్నవారు, స్టెరాయిడ్ వాడుతున్నవారు. పొగతాగే అలవాటు పట్టికలో వేరే గడిగా ఉంటుంది. తొలి శాంపిల్‌తో పాటు మూడో రోజు శాంపిల్ కూడా రాస్తాను, మూడోషిఫ్టు గారి మాట మీద. రెండు పీజీ బ్యాచ్‌లు కలిసి చేస్తే తప్ప సంఖ్య సరిపోదు, గైడ్‌తో మాట్లాడతాను.

మూడోషిఫ్టు

మూడో రోజు శాంపిల్ రాసేటప్పుడు, ఆ రోజుకు ముందే మరణించినవారికీ డిశ్చార్జి అయినవారికీ ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీకి కారణం పక్కనే రాయండి. తర్వాత కేస్ షీటు వెతకడం చాలా కష్టం.

సంభావ్యత

చాలా ముఖ్యమైన సూచన. కారణం తెలియని ఖాళీ గడితో నేనేమీ చేయలేను.

ల్యాబ్‌బెంచి

ఇంకొకటి. మీ ఆసుపత్రిలో సీబీసీ యంత్రాలు ఒకటి కంటే ఎక్కువుంటే, ఎమర్జెన్సీలో ఒకటి, ప్రధాన ల్యాబులో ఒకటి అన్నట్టు, ఏ శాంపిల్ ఏ యంత్రంలో నడిచిందో కూడా రాయండి. ఆర్‌డీడబ్ల్యూ యంత్రాన్నిబట్టి మారుతుంది. కొన్ని శాతంలో, కొన్ని ఫెమ్టోలీటర్లలో ఇస్తాయి, కొన్ని రెండూ ఇస్తాయి. శాతంలో ఇచ్చేది ఎర్రకణం సగటు పరిమాణాన్నిబట్టి కూడా కదులుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. పట్టిక సిద్ధమయ్యాక ఇక్కడ పెడితే, ల్యాబు వైపు గడులు నేను సరిచూస్తాను.